లాగవలసిన అక్షరం

అనకాపల్లి,
సోమవారం మధ్యాహ్నం.

పైడిబాబు బావకి,

నీ మేనమామ కూతురు, నీ పెళ్ళాం బేబి నమస్కారం చేసి రాస్తున్నది. ఇక్కడ అత్త, నేను, పూడిమడకలో మా నాన్న అందరం బాగున్నాం. నువ్వు కూడా అక్కడ బాగున్నావని కిందటి ఉత్తరంలో రాశావు. ఆ "బాగున్నాను" దగ్గరికి నెమ్మదిగా వస్తాను. ముందు ఇంటి సంగతులు చెప్పనీ. ఒక్కసారిగా మొదలుపెడితే ఈ కాగితం చింపేసి కూర్చుంటానేమోనని భయంగా ఉంది.

ఫోనుండగా ఉత్తరం ఎందుకంటావు. మన ఇంట్లో ఫోను మోగితే ఏమవుతుందో నీకు తెలియదా? నెత్తిన చేపల తట్ట ఉన్నా సరే అత్త పరుగున వచ్చి, నా చెవికీ ఫోనుకీ మధ్య తన చెవి దూరుస్తుంది. ఈ మధ్య మరీ ఎక్కువైంది. ఈ సంగతి ఆవిడకి తెలియకుండా నీకు చెప్పాలంటే కాగితమే దిక్కు. నీతో పడవ మీద పనిచేసే త్రినాథ్ సెలవు అయిపోయి గురువారం అక్కడికి బయల్దేరుతున్నాడు. వాడి సంచిలో ఈ ఉత్తరం, మాడుగుల హల్వా రెండు డబ్బాలు, అత్త ఎండబెట్టిన నెత్తళ్ళ చేపలు ఉంటాయి. నెత్తళ్ళ వాసన హల్వాకి పట్టకుండా విడిగా కట్టాను. వాడి మీద నాకు ఒళ్ళు మండుతోంది. అయినా వాడి చేతికే ఇవ్వాలి, ఏం చేస్తాం.

నువ్వడిగినవాటికి జవాబులు. అత్త మోకాలు పర్వాలేదు. డాక్టరు మెట్లు ఎక్కొద్దన్నాడు, ఆవిడేమో మేడ మీద తప్ప నెత్తళ్ళు ఇంకెక్కడా ఎండవంటుంది. నేను మోసుకెళ్తానంటే నమ్మదు. వంటింటి మీద రేకు మార్పించాను, మొన్నటి వానకి ఒక్క చుక్క కూడా కారలేదు. మార్కెట్లో అరుగు మనకి ముందు వరసలో, కుళాయి పక్కనే వచ్చింది. తడిగా ఉంటుంది కదా, మార్చమని అడుగుదామా అన్నాను. "నీకేటి తెలుసే! నీళ్ళకొచ్చిన పెతీ మడిసీ నా సేప సూడకుండా ఎల్లగలదేటి?" అంది. మా నాన్న ఇంకా పెద్ద వల లాగుతున్నాడు. ఈ వయసులో నీకెందుకు నాన్నా అంటే, "నేను పాట అందుకోపోతే ఆళ్ళు తలో అచ్చరం మీదా లాగుతారు" అంటాడు.

ఐదో ప్రశ్న ఒకటి అడిగావు. పరీక్షలో రేపటి సంగతి చెప్పే క్రియలు వస్తాయట, "నేను చేస్తాను, నేను వెళ్తాను" అనేటప్పుడు ఏ అక్షరం మీద లాగాలి అని. దానికి జవాబు చివర రాస్తాను. మధ్యలో చూడకు.

బావా, నీకు తెలిసిందే అయినా ఈ చదువు ఎలా మొదలైందో ఒకసారి వరసగా రాసుకుంటాను. నాలుగు రోజులుగా నా బుర్రలో అదే తిరుగుతోంది, ఎక్కడ మొదలై ఎక్కడికి వచ్చి పడ్డామా అని.

నువ్వు చేపల పడవ మీద పనికెళ్ళిన ఆ దేశంలో ఎక్కువ కాలం ఉండడానికి కార్డు కావాలంటే వాళ్ళ భాషలో పరీక్ష పాసవ్వాలన్నారు. కార్డు వస్తే ఏడాదికోసారి ఇంటికి రావచ్చు, నన్నూ తీసుకెళ్ళవచ్చు అన్నావు. నువ్వు ఏడో తరగతితో ఆపేసి పడవెక్కిన మనిషివి, నేను ఇంటర్ చదివి జిరాక్స్ షాపులో కంప్యూటరు ముందు కూర్చునేదాన్ని. సిల్వానా టీచరమ్మ ప్రతి మంగళవారం చెప్పే పాఠాన్ని నువ్వు ఫోనులో రికార్డు చేసి పంపడం, నేను విని తెలుగు అక్షరాల్లో రాసి, నొక్కవలసిన అక్షరం కింద గీత పెట్టి ఫోటో తీసి పంపడం. అలా పద్నాలుగు నెలలు. ఉల్లిపాయలు కోస్తున్నా, బస్సులో ఉన్నా, చెవుల్లో ఆవిడ గొంతే. మార్కెట్లో బేరం చేస్తూ ఒకసారి ఎంత అనబోయి "క్వాంతో?" అనేశాను. రొయ్యలమ్మే ఆవిడ నాకు గాలి సోకిందనుకుంది.

వాళ్ళ క్రియలతో వచ్చిన చిక్కేమిటంటే, మనకి అన్ని అక్షరాలూ ఒక్క బరువే. వాళ్ళకి మాటకొక్క అక్షరం మీదే బరువంతా పడుతుంది, అదీ ఒక్కచోట ఉండదు. తిరో, నేను లాగుతాను. మొదటి అక్షరం మీద బరువు. తి-ర్యా-మో, మనం లాగుతాం. బరువు మధ్యకి వచ్చేసింది. తీ-ర-నో, వాళ్ళు లాగుతారు. మళ్ళీ మొదటికి పోయింది! ఇదేం గోల అని నేనూ ఏడ్చాను. అప్పుడు మా నాన్న పాట గుర్తొచ్చింది. "హై" అన్నప్పుడు అందరూ ఊపిరి తీసుకుంటారు, "లెస్సా"లో "లె" మీద ముప్పై మంది బరువూ ఒక్కసారి తాడు మీద పడుతుంది, మిగతా అక్షరాలు ఊరికే వదిలేస్తారు. ఇదీ అంతే కదా అనిపించింది. అప్పటినుంచి మనిద్దరికీ అది "నొక్కే అక్షరం" కాదు, "లాగే అక్షరం" అయింది. సిల్వానా టీచరమ్మ కూడా ముచ్చటపడి, క్లాసులో అందరి చేతా తాడు లాగినట్టు చేతులు ఊపించిందని రాశావు. నేను ఎంత పొంగిపోయానో!

ఇంక ఆ "బాగున్నాను" దగ్గరికి వస్తున్నాను.

కిందటి మంగళవారం నువ్వు పంపిన రికార్డు గంటా యాభై రెండు నిమిషాలుంది. ఎప్పుడూ గంటే కదా, పరీక్ష దగ్గరపడింది కాబట్టి ఎక్కువ చెప్పిందేమో అనుకున్నాను. గురువారం మధ్యాహ్నం షాపుకి సెలవు. పెరట్లో పీట వేసుకుని, చెవుల్లో వైర్లు పెట్టుకుని, నెత్తళ్ళు బాగుచేస్తూ విన్నాను. పాఠం అయిపోయింది. అందరూ వెళ్ళొస్తామని వాళ్ళ భాషలో చావ్, చావ్ అంటున్నారు. కుర్చీలు జరిగాయి. తలుపు మూసుకుంది. రికార్డు మాత్రం నడుస్తూనే ఉంది. ఆపడం మర్చిపోయి ఫోను జేబులో పెట్టేసుకున్నావు గాబోసు. నవ్వొచ్చింది. వాళ్ళాయన రోడ్డు మీద ఎలా మాట్లాడతాడో ఏ పెళ్ళానికి వినాలనుండదు? ఆపకుండా వింటూ కూర్చున్నాను.

అప్పుడు టీచరమ్మ గొంతు దగ్గరగా వినిపించింది. "పైడీ, లా మానో తి ఫా అంకోరా మాలె?"

ఆవిడ ఎప్పుడూ నిదానంగా, ఒక్కో అక్షరం విడదీసి మాట్లాడుతుంది కదా. అర్థం కాకపోతే బాగుండునని ఇప్పుడనిపిస్తోంది. "చెయ్యి ఇంకా నొప్పిగా ఉందా" అని అడిగింది. ఏ చెయ్యి? నొప్పేమిటి?

నువ్వన్నావు, రాత్రుళ్ళు నొప్పిగా ఉంటుందని. లేని వేళ్ళు కూడా నొప్పి పెడతాయని.

బావా, నా చేతిలోని చాకు ఎక్కడ పడిందో నాకు తెలియదు. లేని వేళ్ళు! నేను తప్పు విన్నాను అనుకున్నాను. వెనక్కి తిప్పి విన్నాను. మళ్ళీ తిప్పాను. పద్నాలుగు నెలలు నీ కోసం ఒక్కో మాటనీ ముక్కలు చేసి, ఏ ముక్క మీద బరువుందో వెతికి వెతికి నా చెవి అలా తయారైంది. ఇప్పుడా చెవికి తప్పు వినడం కూడా చేతకాలేదు.

ఇంటికి చెప్పావా అని అడిగింది ఆవిడ. లేదన్నావు. ఎందుకని అడిగింది. "మియా మోల్యె నోన్ దేవె సపేరె" అన్నావు. నా భార్యకి తెలియకూడదు. "దిచేవో ఇ వేర్బి" అన్నావు. దెబ్బ తగిలినప్పుడు క్రియలు చెప్పుకుంటూ ఉన్నాను అని. తాడు పట్టుకుని, తిరో, తిరి, తిరా అనుకుంటూ, లాగే అక్షరం మీద లాగుతూ ఉన్నానని. అలా నేర్చుకోమన్నది నా భార్యేనని. ఇది తెలిస్తే ఆమె బతకదని. ఆ తర్వాత ఆఖరున, "నోన్ తోర్నో" అన్నావు. నేను తిరిగి వెళ్ళను. ఈ చెయ్యి వాళ్ళకి చూపించను.

ఓలమ్మో, నేనా పెరట్లో నెత్తళ్ళ మధ్య అలాగే కూర్చుండిపోయాను. కాకి వచ్చి గిన్నెలోంచి తీసుకుపోతున్నా తోలలేకపోయాను. నాతో తెలుగులో చెప్పలేని మాట, అక్కడికి వెళ్ళేదాకా విననైనా వినని భాషలో ఇంకొకావిడకి చెప్పావు. అందులో ఒక్క క్రియ కూడా తప్పు పలకలేదు బావా. "సపేరె"లో "పే" మీద, "దిచేవో"లో "చే" మీద, "తోర్నో"లో మొదటిదాని మీద. అన్నీ ఎక్కడ లాగాలో అక్కడే లాగావు. నేను గీత పెట్టిన చోటే.

మర్నాడు పొద్దున్నే సబ్బవరం బస్సెక్కాను. త్రినాథ్ ఇంట్లో చొక్కాలు ఇస్త్రీ చేసుకుంటున్నాడు. మూడు వారాలుగా వచ్చి ఉన్నాడు, మన ఇంట్లో రెండుసార్లు భోంచేశాడు, అత్త వండిన కోనాం చేప పులుసు తిని "సూపరత్తా" అన్నాడు. పచ్చి దొంగ.

"త్రినాథ్, మీ అన్న సేతికి ఏళ్ళు ఎన్నున్నాయి?" అన్నాను.

ఇస్త్రీపెట్టె చొక్కా మీదే వదిలేశాడు. పొగ వచ్చాక గాని తీయలేదు. "వొదినా, నన్నేటీ అడగొద్దు. నా సేత ఒట్టేయించుకున్నాడు."

"ఒట్టు నువ్వేసేవు, నేను వెయ్యనేదు. సెప్పు. ఈ ఉత్తరం ఎవులు రాసేరు?" నీ కిందటి ఉత్తరం తీసి వాడి మొహం ముందు పెట్టాను.

"నేనే," అన్నాడు తల దించుకుని. "ఆడు సెప్తంటే నేను రాసేను. పడవ ఊగతంది గావాల, అందుకే అచ్చరాలు మారిపోయేయని సెప్పమన్నాడు."

అక్షరాలు గుండ్రంగా ఉన్నాయని నేను అప్పుడే అనుకున్నాను సుమా. అక్కడికెళ్ళి దస్తూరీ కూడా బాగుపడిందని అత్తకి గొప్పగా చెప్పాను. ఎంత వెర్రిదాన్నో చూడు.

అప్పుడు చెప్పాడు వాడు. సముద్రం నిదానంగానే ఉందట. పట్టపగలట. వించి మిషను తాడు లాగుతుంటే నువ్వు పక్కన నిలబడి సర్దాలి, అంతే నీ పని. నువ్వేమో తాడుని అరచేతికి ఒక చుట్టు వేసుకున్నావు. అలా వెయ్యొద్దని కెప్టెను అంతకుముందు మూడుసార్లు తిట్టాడట. "తిట్టినప్పుడు తీసేసేవోడు వొదినా. మల్లీ తెలీకుండానే ఏసేసుకునేవోడు. ఆ రోజు ఆ క్రియలేవో అనుకుంటన్నాడు, మన ఒడ్డు మీద లాగినట్టే లాగతన్నాడు. ఎనక మడిసి లేడు కదా. మిసనుకేటి తెలుసు?"

కుడిచేతికి రెండు వేళ్ళు పూర్తిగా, మూడోది సగం పోయాయి. ఏడు వారాలైంది. ఫోనులో కెమెరా పాడైందని, ఇంక మాట తప్ప మొహం కనపడదని నువ్వు చెప్పిన వారమే. నిన్నిప్పుడు ఒడ్డున ఐసు పెట్టెలు సర్దే పనిలో పెట్టారట. వాడి మీద అరుద్దామని వెళ్ళాను. వాళ్ళమ్మ మంచినీళ్ళు తెచ్చి ఇస్తే తాగి తిరిగి వచ్చేశాను.

నిన్న ఆదివారం పూడిమడక వెళ్ళాను. మా నాన్నని చూడడానికని అత్తతో చెప్పాను గానీ, నేను వెళ్ళింది చేతులు చూడడానికి. పెద్ద వల లాగుతున్నారు. చిన్నప్పటినుంచీ వందసార్లు చూసి ఉంటాను, ఎప్పుడూ చేతుల వైపు చూడలేదు. నిన్న చూశాను. ముప్పై మందీ, బావా, ఒక్కరు తప్పకుండా, తాడుని అరచేతికి ఒక చుట్టు వేసుకునే లాగుతున్నారు. మా నాన్న కూడా.

వల ఒడ్డుకొచ్చాక అడిగాను. "నాన్నా, ఆ సుట్టెందుకు?"

"సుట్టెయ్యపోతే జారిపోద్ది కదే. తడి తాడు."

"మరి వల ఎనక్కి గుంజితే? సెయ్యి పోదా?"

నవ్వాడు. "ఎనకోడున్నాడు కదా! గుంజిందంటే ఎనకోడు తాడు వొదులుతాడు, నా సుట్టు ఊడిపోద్ది. నాకు ఆడు, ఆడికి ఇంకోడు. ఒంటిగా ఎవుడైనా సుట్టేత్తాడేటి?"

నా మొహంలో ఏం కనిపించిందో గానీ, నవ్వుతున్నవాడు నవ్వు ఆపేశాడు. తన అరచేతి వైపు చూసుకున్నాడు. నా వైపు చూశాడు. "పైడిబాబా?" అన్నాడు అంతే. ఇసకలో చతికిలబడిపోయాడు. నీకు ఆ చుట్టు నేర్పింది ఆయనే కదా. పదకొండేళ్ళ పిల్లాడిగా ఉన్నప్పుడు తన ముందు నిలబెట్టుకుని, నీ వెనక మనిషి తనే అయి నేర్పాడు. అంత పెద్దమనిషి తువ్వాలు నోట్లో కుక్కుకుని ఏడవడం నేనెప్పుడూ చూడలేదు.

ఇప్పుడు నేను చెప్పవలసింది ఒకటుంది. ఇంతవరకూ నీ గుట్టు గురించే రాశాను. నాదీ ఒకటుంది.

తాడు లాగుతూ క్రియలు చెప్పుకోమన్న మాట నీకు గుర్తుందా? అది చిట్కా అనుకున్నావు. "నీ చిట్కా బెమ్మాండంగా పంజేత్తంది బేబీ" అని మర్నాడే ఫోను చేసి మెచ్చుకున్నావు. అది చిట్కా కాదు బావా. ఆ రోజు "తెలెఫోననో" అనే మాట నీ చేత ముప్పైసార్లు చెప్పించాను. వాళ్ళు ఫోను చేస్తారు అని. రెండో అక్షరం "లె" మీద లాగేసి, తర్వాత మూడూ ఊరికే వదిలేయాలి. నువ్వు ముప్పైసార్లూ "ఫో" దగ్గరే నొక్కావు. షాపులో ఆ రోజు యజమాని నన్ను ఏదో అన్నాడు, ఎండకి తలనొప్పి, అత్తతో మాటామాటా వచ్చింది. ఆ కోపమంతా నీ మీద పోయింది. "నీకు తాడు లాగడం తప్ప ఇంకేటొచ్చు? అయితే ఆ తాడు లాగుతూనే నేర్చుకో, పో!" అన్నాను.

తిట్టాను నేను. నీ బతుకుని ఎత్తిపొడిచాను. ఏడో తరగతి అని, పడవ పని అని మనసులో ఏ మూలనో ఉన్నదంతా ఆ ఒక్క మాటలో బయటికొచ్చింది. నువ్వేమో అందులోని విషం తీసి పక్కన పెట్టి, మందు అనుకుని తాగావు. "బాగుందే ఇది" అన్నావు. నేను అవునని ఊరుకున్నాను. చిట్కానే అన్నట్టు తర్వాత తీరిగ్గా వివరించి, మా నాన్న పాటలో "లె" మీద లాగే సంగతి కూడా జోడించి, టీచరమ్మ మెచ్చుకుంటే పొంగిపోయాను. సిగ్గు లేకపోతే సరి. నీ వేళ్ళు పోయింది నా చిట్కా వల్ల కాదు, నా నోటి వల్ల. నువ్వు నాకు తెలియకూడదని దాచిన దానికంటే ఇది ఎక్కువ. ఇది నీకు తెలియాలి.

బుధవారం పొద్దున.

సోమవారం ఇక్కడిదాకా రాసి బియ్యం డబ్బాలో దాచాను. మొదట్లో అత్తకి తెలియకూడదని రాశాను కదా, అది కొట్టేయడం లేదు. అలాగే ఉండనీ, నీకు అర్థమవుతుంది.

నిన్న సాయంత్రం చేపలు బాగుచేస్తుంటే అత్త వచ్చి నా ఎదురుగా పీట వేసుకుంది. "ఏటే, ఉల్లిపాయ నేకుండానే కారిపోతన్నాయి కళ్ళు?" అంది. ఏం లేదన్నాను. ఆవిడ నా చేతిలోని చాకు తీసి పక్కన పెట్టింది.

"నా గుంటడి సేతికేటైంది?"

మా నాన్న చెప్పాడేమో, త్రినాథ్ కూశాడేమో అనుకున్నాను. ఎవరూ చెప్పలేదట.

"ఆ కెమెరా పాడైపోకముందు ఆకరిసారి మాటాడినప్పుడు ఎడంసేత్తో టీ తాగేడు. పుట్టి ముప్పై ఒక్కేళ్ళైంది, ఆడు ఎడంసేత్తో గలాసు పట్టుకోడం నేనెప్పుడైనా సూసేనా? ఆ రోజే అనుకున్నాను. ఆడే సెప్తాడు నెమ్మని ఊరుకున్నాను. ఫోనొచ్చినప్పుడల్లా, ఇయ్యాల సెప్తాడు, నాకు కాపోయినా నీకైనా సెప్తాడని సెవి పెట్టుకు కూకున్నాను."

బావా, ఏడు వారాలు! ఫోను మోగితే తట్టతో పరిగెత్తుకొచ్చి చెవి దూరుస్తుందని నేను విసుక్కున్నాను, నీకు వెక్కిరిస్తూ రాశాను. ఆవిడ వింటున్నది ఇది. ఆవిడని పట్టుకుని ఎంతసేపు ఏడ్చానో తెలియదు. చేప నీసు ఇద్దరికీ మొహమంతా అంటుకుంది.

తర్వాత ఉత్తరం తెమ్మంది. బియ్యం డబ్బాలో ఉందని ఆవిడకి ముందే తెలుసు, చదవడం రాదు కాబట్టి ఊరుకుందట. మొదటినుంచీ చదివి వినిపించాను. నేను నిన్ను తిట్టిన చోటుకి వచ్చాను. ఆ ముక్క దాటేద్దామనుకున్నాను, దాటలేదు. అత్త అంతా వింది. "నేను మీ మావని అంతకన్నా పెద్ద మాటలే అన్నేను. సముద్రంలోకి ఎల్లేటప్పుడే అన్నేను. అదృష్టం, ఆ మడిసి తిరిగొచ్చేడు," అంది. నన్ను ఊరడించడానికి అన్నదో, నిజమో నాకు తెలియదు.

నీకు రాయమని చెప్పింది, ఉన్నదున్నట్టు రాస్తున్నాను. "సేప కొయ్యాలంటే రెండు సేతులు గావాల. ఒకటి పట్టుకోడానికి, ఒకటి కొయ్యడానికి. ఆడు ఎడంసేత్తో పట్టుకుంటే సాలు, నేను కోత్తాను. కుళాయి పక్క అరుగు పెద్దదే, ఇద్దరం కూకోవచ్చు. రానని ఆ దొరసానితో అన్నాడట కదా, ఆ మాట నాతో అనమను." ఇదీ ఆవిడ మాట. కింద వేలిముద్ర వేస్తానంది. సిరా డబ్బా లేదు, నా పెన్ను రీఫిల్లు విరగ్గొట్టి బొటనవేలికి పూశాను.

పరీక్షకి ఇంకా పదిరోజులుంది. రాయాలో వద్దో నువ్వే చూసుకో. రాస్తే కార్డు వస్తుంది, వెళ్ళి వస్తూ ఉండొచ్చు. రాయకపోతే వచ్చేసెయ్. మిషను ఉన్న పడవ మీద మాత్రం ఇంక ఎక్కకు. సిల్వానా టీచరమ్మకి నా నమస్కారాలు చెప్పు. నువ్వు నీ మనసు చెప్పుకోవడానికి ఒక మనిషి ఉన్నందుకు మొదట కుళ్ళుకున్నాను, ఇప్పుడు దండం పెట్టుకుంటున్నాను. త్రినాథ్‌ని ఎక్కువ తిట్టకు. కాలిన చొక్కాకి బదులు నేనొకటి కొనిచ్చాను.

ఇంక నీ ఐదో ప్రశ్న. రేపటి సంగతి చెప్పేటప్పుడు "నేను" అనే మనిషి ఏ అక్షరం మీద లాగాలి? ఆఖరి అక్షరం మీద. ఏ క్రియ అయినా సరే, "నేను" అంటే ఎప్పుడూ ఆఖరిదే. అక్కడిదాకా వదులుగా వచ్చి, ఊపిరంతా దాచుకుని, చివర లాగాలి. వాళ్ళు దాని నెత్తిన చిన్న గీత కూడా పెడతారు, మర్చిపోకుండా. తోర్-నె-రో. నేను తిరిగి వస్తాను.

ఆ ఒక్క మాట నాకు రాసి పంపు. ఎడమ చేత్తో రాయి. అక్షరాలు కోడి కెలికినట్టున్నా పర్వాలేదు, త్రినాథ్ గుండ్రటి దస్తూరీ నాకొద్దు. రికార్డు చేసి కూడా పంపు, ఈసారి ఆపడం మర్చిపోకుండా. అత్తా నేనూ ఇద్దరం ఒకే ఫోనుకి చెవులు పెట్టి వింటాం. చేతికి చుట్టు వేసుకోకుండా లాగు బావా. జారిపోతుందని భయపడకు. నీ వెనక మనిషిని నేనున్నాను.

ఇట్లు,
నీ మరదలు
బేబి

పక్కనున్న నీలం మరక మీ అమ్మ కుడిచేతి బొటనవేలు.